పేరుకొక్కరే

“గోడ మీదున్న ఆ ముసలావిడ ఎవలే, వరాలూ?”

అన్నంలో పప్పు కలుపుకుంటూ అప్పలనాయుడు మామూలుగా అడిగాడు. పులుసు వడ్డిస్తున్న వరహాలమ్మ నవ్వింది. వయసు మీద పడేకొద్దీ ఈయనకి పరాచికాలు ఎక్కువవుతున్నాయనుకుంది.

“మీ నాన్న పెళ్ళాం,” అంది.

“మా నాన్నకి పెళ్ళాముందేటి?”

వరహాలమ్మ గరిటె గిన్నెలో దించేసింది. ఆయన మొహంలో నవ్వు లేదు. పటంలో దండ వేసుకుని ఉన్నది ఆయన కన్నతల్లి. ఆవిడ పోయిననాడు ఈ మనిషిని కాటి దగ్గర్నుంచి లేపి తేవడానికి మార్కెట్లో కళాసీలందరూ పట్టారు. ఇవాళ అదే మనిషి ఆ పటాన్ని పొరుగూరి సంతలో కనబడ్డ మొహాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

వరహాలమ్మ అనకాపల్లిలో బెల్లం వర్తకురాలు. దిమ్మని గోటితో గీరి నాలిక మీద వేసుకుంటే అది ఏ నేల చెరుకో, పాకం దగ్గర ఎవరు కునుకు తీశారో చెప్పేస్తుంది. నష్టం కళ్ళజూశాక భయపడాలి గానీ ముందే భయపడేవాడు దుకాణం తెరవకూడదన్నది ఆమె లెక్క. ఆ పూట నష్టమెంతో తెలియకుండానే ఆమెకి భయమేసింది.

సంగతి వేలాలు కంప్యూటర్లోకి మారడంతో మొదలైంది. దిమ్మని గీరి చూసి ధర చెప్పే రోజులు పోయి, తెర మీద అంకెలు చూసి మీట నొక్కే రోజులు వచ్చాయి. తెలిసినవాడు ముందు నొక్కాడు, తెలియనివాడు చూస్తూ కూచున్నాడు. చూస్తూ కూచునే అలవాటు వరహాలమ్మకి లేదు. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి భార్గవి అనే అమ్మాయి వచ్చి మార్కెట్ వెనక మేడ మీద గది తీసుకుంది. ఏదో ప్రయోగశాల పిల్ల. కంప్యూటర్ మొహం చూడని పెద్దవాళ్ళు కావాలంది. వాళ్ళ తలకి పట్టీ కట్టి పైథాన్ నేర్పుతానంది.

“పైథానంటే?” అని అడిగింది వరహాలమ్మ.

“కంప్యూటర్‌కి పని చెప్పే భాషండీ. ఆ మాటకి అర్థం కొండచిలవ.”

“పాము పేరెందుకెట్టారు? మింగుద్దా?”

భార్గవి నవ్వేసింది. “పట్టీ లేకుండా నేర్చుకుంటే నెలలు పడుతుంది. ఇది ఉంటే కూచోబెట్టిన పూటకి ఒక పాఠం లోపలికి దిగిపోతుంది. మరిచిపోవడం ఉండదు.”

వరహాలమ్మకి ఆ మాట నచ్చింది. పాకం వేడిగా ఉండగా అచ్చులో పోస్తే ఆరాక ఆ ఆకారం చెదరదు. ఇదీ అలాంటిదే కాబోలనుకుంది. తను దుకాణం వదిలితే కుదరదు కాబట్టి మొగుణ్ణి పంపింది. పొద్దస్తమానం కాటా దగ్గర కూచుని కబుర్లు చెప్పే మనిషి, నేర్చుకుంటే ఇంటికే లాభం.

మొదటి పూట ఆమె కూడా వెళ్ళి చూసింది. పట్టీ సన్నగా తుమ్మెదలా ఝుమ్మంటోంది. తెర మీద ఖాళీ పెట్టె కనిపిస్తోంది.

“దీనికో పేరు పెట్టాలి, నాయుడుగారూ. మీరు జన్మలో మరిచిపోని పేరు చెప్పండి. పాఠం ఆ పేరుని పట్టుకుని లోపలికి దిగుతుంది,” అంది భార్గవి.

“మా అమ్మ పేరెడతాను. పైడమ్మ.”

భార్గవి ఆ పేరు కొట్టి, పక్కన సమానం గుర్తు పెట్టి, దాని పక్కన ‘బెల్లం’ అని రాసింది. పైడమ్మని చూపించమని అడిగితే తెర బెల్లం అంది. మళ్ళీ అదే పేరు పక్కన ‘చెరుకు’ అని రాసింది. ఈసారి అడిగితే తెర చెరుకు అంది.

“బెల్లం ఏటైపోయింది?”

“పోయింది. పేరు ఒకసారికి ఒకదాన్నే చూపిస్తుంది. కొత్తది పెడితే పాతదాన్ని వదిలేస్తుంది.”

అప్పలనాయుడు తలూపాడు. ఆయన కళ్ళలో ఏదో ఆరి గట్టిపడినట్టు వరహాలమ్మకి అనిపించింది. వినడం వల్ల కలిగిన శ్రద్ధ అనుకుంది.

తర్వాతి పూటల్లో షరతులు వచ్చాయి. ఇది నిజమైతే అది చెయ్యి, కాకపోతే ఇంకోటి చెయ్యి. ఆ తర్వాత చుట్లు వచ్చాయి. ఫలానాది అయ్యేదాకా చేస్తూనే ఉండు. చివరికి పొట్లాలు. నాలుగు పనులు కలిపి మూటగట్టి దానికి పేరు పెడితే, ఆ పేరు పిలిస్తే చాలు, మూటలోని పనులన్నీ జరుగుతాయి. అప్పలనాయుడు బెల్లాన్ని రంగుని బట్టి వేరుచేసి, ఏ సరుకుకి ఎప్పుడు మీట నొక్కాలో చెప్పే ప్రోగ్రాం రాసేశాడు. మార్కెట్ ముక్కున వేలేసుకుంది. వరహాలమ్మ లాభం వేసుకుంది.

తరుగు మాత్రం వేసుకోలేదు. తరుగు ఉందని ఆమెకు తెలియదు.

చిన్న చిన్నవి కనబడ్డాయి, ఆమె పట్టించుకోలేదు. తొట్టి నిండేదాకా నీళ్ళు పొయ్యమంటే, అడుగున పగిలిన తొట్టిలో ఆయన మధ్యాహ్నమంతా పోస్తూనే ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు. ఎందుకయ్యా అంటే, “నిండలేదు కదే” అన్నాడు. రోజూ మార్కెట్‌కి బయల్దేరే ముందు, ఒకప్పుడు తల్లికి పెట్టినట్టే, మనవరాలి కాళ్ళకి దండం పెట్టడం మొదలెట్టాడు. పిల్ల కిలకిలా నవ్వేది. ఆటేమో అనుకుంది వరహాలమ్మ.

ఆ మనవరాలు వాళ్ళ కూతురి బిడ్డ. కూతురు పురిట్లో పోయింది. అల్లుడు ఇంకో పెళ్ళి చేసుకుని తన దారి చూసుకున్నాడు. పిల్లకి వీళ్ళిద్దరే దిక్కు, అందులోనూ తాతంటేనే ప్రాణం. పోయిన ముత్తవ్వ పేరు పెట్టారు కాబట్టి అది పైడమ్మ. అత్తగారి పేరు నోటితో పలకకూడదు కాబట్టి వరహాలమ్మ దాన్ని ‘గుంటా’ అని పిలిచేది. అప్పలనాయుడికి ఆ అడ్డు లేదు. తల్లి పేరున్న పిల్లని తల్లిలాగే చూసుకునేవాడు. పైడమ్మా అనేవాడు, లేకపోతే ‘మా అమ్మ’ అనేవాడు.

వరహాలమ్మ మేడ మీది గదికి వెళ్ళి భార్గవికి పటం సంగతి చెప్పింది. భార్గవి తన ల్యాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పింది.

“ఆఖరి పాఠం అయ్యాక ఆయన ఇంటికొచ్చి పాపని చూసి ఏమన్నారో గుర్తుందా?”

“కళాసీల్ని పిలిచి చూపించాడు. ‘ఇదిగో, మా అమ్మ’ అన్నాడు, మా అత్త పేరు కూడా అన్నాడు.”

భార్గవి వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

“పట్టీ నేర్పింది తెర వరకే ఆగలేదండీ. ఊరికే పిలిస్తే ఫరవాలేదు. ‘ఇదిగో, ఫలానా’ అని చూపించి అంటే ఆయన మనసులో సమానం గుర్తు పడుతోంది. మీ అత్తగారికి ఆయన దగ్గర ఉన్నవి రెండే పేర్లు, అమ్మ, పైడమ్మ. రెండూ ఒక్కసారే పాప మీదకి వెళ్ళిపోయాయి. ఏ పేరూ పట్టుకోని దాన్ని కంప్యూటర్ చెత్త కింద ఊడ్చేస్తుంది.”

“చెత్తా?”

భార్గవి ల్యాప్‌టాప్ మూసేసింది.

“మీ ఊళ్ళో ఎవరికీ ఇలా అవలేదా?”

“మేం పరీక్షించినవాళ్ళంతా కాలేజీ పిల్లలు. తలా ఒక కొత్త పేరు. ఒకరి పేరు ఇంకొకరికి లేదు.”

వరహాలమ్మ కిటికీలోంచి మార్కెట్ వైపు చూసింది. కింద కాటాల దగ్గర అప్పలరాజు, అప్పలస్వామి, ఇంకో అప్పలరాజు, నూకరాజు, పొట్టి నూకరాజు, నూకాలు. దేవుడి పేరు అప్పన్న, అమ్మవారి పేరు నూకాలమ్మ, ఊరంతా వాళ్ళ పేర్లే. పేర్లు పంచుకుని బతికే జనం మధ్యకి పేరుకొక్కరే ఉండాలన్న పాఠాన్ని తనే తెచ్చుకుంది.

“తీసెయ్యి,” అంది.

“ఈతొచ్చినవాడి చేత ఈత మరిపించగలరా అండీ? నేర్పడమే మాకొచ్చు.”

“నేర్పడం ఒకటే వచ్చినోళ్ళు నేర్పకూడదమ్మా,” అని లేచొచ్చేసింది.

ఇల్లు చేరేలోపు లెక్క వేసుకుంది. పోయినావిడ ఎలాగూ పోయింది. ఏడాదికోసారి తలుచుకుని తద్దినం పెట్టడం తప్ప ఆవిడతో పనేముంది? పిల్ల ఉంది, తను ఉంది. ఇంతటితో ఆగితే ఈ నష్టం తట్టుకోవచ్చు. అలా అనుకున్నందుకు అత్తగారి పటం వైపు చూడలేకపోయింది.

అది ఇంతటితో ఆగలేదు.

మరునాడు గోదాంలోకి కొత్త పనిమనిషి వచ్చింది. అప్పలనాయుడు పేరడిగాడు. పైడమ్మ అంది ఆవిడ. “ఓహో, నువ్వు పైడమ్మవా,” అన్నాడాయన. వరహాలమ్మ కాటా దగ్గర ఉంది, వినలేదు. ఏడుపు విని తలెత్తింది. మొగుడు పిల్లని రెక్కపట్టి లాక్కుపోతున్నాడు. చిన్న చిన్న పాదాలు బెల్లపు పొడిలో గీతలు గీస్తున్నాయి. గోదాం గుమ్మం బయట, లోడు దించే లారీల మధ్య దాన్ని వదిలేసి తలుపు గడియ పెట్టేశాడు.

“ఎవల గుంటో లోపల తిరుగుతోంది,” అన్నాడు. “తెలీని మనిషి గోదాంలో కనబడితే బయట పెట్టి తలుపెయ్యాలి.”

అది ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటే, సరుకు పోకుండా ఆమే పెట్టింది. వరహాలమ్మ ఆయన్ని తోసేసి గడియ తీసి పరిగెత్తింది. వెనక్కి వస్తున్న లారీ చక్రానికి మూరెడు దూరంలో పిల్ల నిలబడి, తలుపు వైపే చూస్తూ “తాతా, నేను” అంటోంది.

ఎత్తుకుని లోపలికి తెచ్చేసరికి అప్పలనాయుడు మళ్ళీ అడ్డం వచ్చాడు. ఆమెకి భార్గవి చెప్పిన రెండు పేర్లు చటుక్కున గుర్తొచ్చాయి.

“మీ అమ్మ ఏదయ్యా? మీ అమ్మ?” అని అరిచింది.

ఆయన చేతులు దిగిపోయాయి. పిల్ల మొహంలోకి చూశాడు. “ఇదిగో, మా అమ్మ. ఏడుస్తోందేటి? నా తల్లి, నా పైడమ్మ, ఎవలు కొట్టారు నిన్ను?” అని గుండెకి హత్తుకున్నాడు. ఒక పేరు పోయేసరికి ఆయన చూసి పోల్చుకోలేకపోయాడు గానీ, రెండో పేరు మిగిలి ఉండబట్టి దానితో అడిగితే దొరికి పిల్ల దక్కింది. పనిమనిషిని వరహాలమ్మ ఆ క్షణమే పంపేసింది.

అప్పట్నుంచి ఆమె భయానికి ఒక తేదీ కూడా దొరికింది. అత్తగారి తద్దినం దగ్గరపడుతోంది. పిండం ముందు పంతులుగారు ఏమనిపిస్తారో ఆమెకు తెలుసు. మా అమ్మ, పైడమ్మ. రెండు పేర్లూ ఒక్క ఊపిరిలో, చెయ్యి చాపి మరీ. అది పలికాక పిల్లకి ఆయన దగ్గర ఏ పేరూ మిగలదు. గోదాం తలుపు మళ్ళీ పడుతుంది, ఈసారి తెరవడానికి రెండో పేరు ఉండదు.

“ఈ ఏడు మానేద్దాం,” అంది మొగుడితో.

“తిథి వస్తే పెట్టాలి.”

“నీకు ఒంట్లో బాగోలేదని చెప్దాం.”

“బాగోకపోతే అన్న షరతు అందులో లేదే. తిథి వస్తే పెట్టాలి.”

“ఆవిడెవలో నీకు తెలీదు కదయ్యా.”

“తెలిస్తే పెట్టాలని కూడా లేదు.”

గొంతులో కోపం లేదు, విసుగు లేదు. గది తలుపుకి తాళం వేస్తే విరగ్గొట్టుకుని వస్తాడని ఆమెకు అర్థమైంది. తొట్టి నింపినప్పుడు చేతులు చూసింది కదా.

వరహాలమ్మ రోజూ దుకాణం కట్టేసి భార్గవి గదికి వెళ్ళడం మొదలెట్టింది. పట్టీ ముట్టుకోలేదు. ఒక్కో మీటా వెతుక్కుంటూ, తప్పుకొట్టి, ఎర్ర అక్షరాలు చూసి తిట్టుకుంటూ, మామూలు దారిన నేర్చుకుంది. కొండచిలవ మింగిందాన్ని కక్కించాలంటే దాని కడుపు ఎటు నుంచి ఎటో తెలియాలి కదా అంది. భార్గవి నవ్వలేదు. ఆ అమ్మాయి ఆ రోజుల్లో సరిగ్గా తింటున్నట్టు కూడా లేదు.

“పేరు వేరే చోటికి పోకముందే మనిషికి ఇంకో పేరు తగిలించేస్తే?” అని అడిగింది వరహాలమ్మ ఒకరోజు. “అప్పుడా మనిషి ఊడ్చుకుపోదు కదా?”

“పోదు,” అంది భార్గవి. కళ్ళలో ఆశ కనిపించింది. “పాపకి బడి పేరుందా?”

హన్విక అని ఒకటుంది, తాత ఎప్పుడూ పలకనిది. అప్పలనాయుడి చేత “ఇదిగో, హన్విక” అనిపించారు. సాయంత్రమంతా ఆ పేరుతో పిలిచాడు. నిద్ర లేచాక హన్విక ఏదీ అంటే, “ఎవలా పిల్ల?” అన్నాడు. కంప్యూటర్ కట్టేస్తే ఆ పూట పెట్టిన పేర్లు చెరిగిపోయినట్టే, నిద్రతో కొత్త పేర్లన్నీ పోతున్నాయి. పట్టీకి ముందు నుంచి ఉన్నవే నిలుస్తున్నాయి.

“అయితే పాత పేరే కావాలి. ఆయనకిప్పుడు అక్కర్లేనిది,” అంది భార్గవి.

వరహాలమ్మ బాగా ఆలోచించి గౌరి పేరు ఎంచింది. గౌరి వాళ్ళు అమ్మేసిన గేదె. దాని పేరు మనిషికి పెట్టినా ఎవరికీ నష్టం లేదు. “ఇదిగో, గౌరి,” అన్నాడు అప్పలనాయుడు పిల్లని చూపిస్తూ. పిల్ల మూతి ముడుచుకుని, “నేను గేదెనా?” అంది. నిద్ర లేచాక కూడా పేరు నిలిచింది. వరహాలమ్మ అమ్మవారికి మొక్కుకుని దుకాణానికి వెళ్ళింది.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పెరట్లో అప్పలనాయుడు ప్రశాంతంగా గేదెకి పెట్టే చిట్టు కలుపుతున్నాడు. కొట్టాం గుంజకి పలుపుతాడు కట్టి ఉంది. తాడు రెండో కొస పిల్ల మెడలో ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, కదిలితే తాడు బిగుస్తుందని తెలిసిపోయి, కదలకుండా కూచుంది.

“పొద్దు వాలితే గౌరిని కట్టెయ్యాలి,” అన్నాడాయన.

వరహాలమ్మ పరిగెత్తి ముడి విప్పి పిల్లని ఎత్తుకుంది. మళ్ళీ ఆయన చేతే పిల్లని అమ్మా అనిపించి, ఆ గేదె పేరుని గుంజకి తగిలించి వదిలించుకుంది. ఆ మధ్యాహ్నం మార్కెట్లో ఆమె మంచి బేరం చేసొచ్చింది. ఆ సంగతి ఆమెకు మళ్ళీ ఎప్పుడూ గుర్తు రాలేదు.

“పొట్లాలు,” అంది భార్గవి విని. “పేరు ఎవరిని చూపిస్తే, ఆ పేరు మీద కట్టిన పనులన్నీ వాళ్ళకే జరుగుతాయి. నేను ఆలోచించాల్సింది. పనులు మంచివైన పేరు కావాలి. ఆయన ఎవరి మీద చెయ్యెత్తరో, ఎవర్ని బయట పెట్టరో, అలాంటి పేరు. ఎవరైనా ఉన్నారా?”

వరహాలమ్మ లేచి ఇంటికొచ్చింది. తిథి మర్నాడే. మొగుడు అరుగు మీద కూచుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూచుంది.

“వరాలు పేరు మీద నీ దగ్గర ఏ పనులున్నాయి?”

ఆయన తడుముకోలేదు, సిగ్గుపడలేదు. సరుకు అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు.

“నిద్ర లేస్తే ముందు వరాలు మొహం చూడాలి. వరాలు తినకపోతే నేను తినకూడదు. తిన్నానని అబద్ధమాడితే గిన్నెలు చూడాలి. కొత్త బెల్లం వస్తే మొదటి ముక్క వరాలుకి. వరాలు నడిస్తే రోడ్డు వైపు నేనుండాలి. వరాలు తిడితే ఊరుకోవాలి. వరాలు ఏడిస్తే కయ్యం పెట్టుకోవాలి.”

“కయ్యమా? ఎందుకు?”

“కోపమొస్తే ఏడుపాగుద్ది దానికి.”

కూతురు పోయిన రోజుల్లో ఈ మనిషి ఉప్పు తక్కువైందని, చొక్కా ఉతకలేదని ఊరికే గొంతు చించుకునేవాడు. రాతిగుండె మనిషని ఆమె ఊరంతా చెప్పుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వైపు ఖాతా ఖాళీగా ఉందనుకుంది. ఉన్నదంతా ఆయన నోరు మెదపకుండా ఆమె పేరు మీద జమ చేసుకుంటూ వచ్చాడు. చూసుకున్న పూటే అది వదులుకోవాల్సి వచ్చింది.

తన పేరు పిల్లకి ఇచ్చేస్తానని ఫోన్లో భార్గవికి చెప్పింది.

“మీకు ఆయన దగ్గర ఇంకో పేరుందా?” అంది భార్గవి.

“ఒసే అంటాడు. గేదెనీ అదే అనేవాడు.”

“అంటే లేదు. వద్దండీ. ఇంకేదైనా...”

“సరుకులో ఏది నిలవుంటుందో నాకు తెలుసమ్మా. నాకు బుద్ధుంది, దుకాణముంది. దానికి తాత తప్ప ఏటీ లేదు. భయమేస్తోంది. అయినా ఇదే బేరం.”

పొద్దున్నే ఆమె తల స్నానం చేసి, తన బట్టలు గదిలోంచి తీసి వంటింట్లో పెట్టుకుంది. గోదాం కట్టుబాటు ఆమెకు గుర్తుంది. తెలియని మనిషిని బయట పెట్టి తలుపెయ్యాలి. అందుకని ముందే గుమ్మం బయట నిలబడి, పిల్లని ఆయన ముందుకు తోసింది. పిల్లకి అదంతా ఆట అని చెప్పింది.

“ఇదెవలో చెప్పవయ్యా. ‘ఇదిగో, వరాలు’ అను.”

ఆయన పిల్లని చూశాడు. తర్వాత గుమ్మం బయట ఉన్న భార్యని చూశాడు. మొదటిసారిగా ఆయన మొహంలో తడబాటు కనిపించింది.

“అను మావా,” అంది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ పిలుపు పిలిచిందే లేదు.

“ఇదిగో,” అన్నాడు. “వరాలు.”

ఆయన కళ్ళలోంచి ఆమె జారిపోవడం ఆమె నిలబడి చూసింది. కంచంలోంచి కడిగేసినట్టు పోయింది.

“ఎవలమ్మా తమరు?”

“తద్దినానికి వంటకొచ్చానండి.”

“రండి. వంటగది అటు,” అని దారిచ్చాడు. పిల్ల వైపు తిరిగి, “వరాలూ, తిన్నావేటి?” అన్నాడు. పిల్ల తినలేదంది. ఆయన లోపలికెళ్ళి గిన్నెలు మూతలు తీసి చూడటం పొయ్యి దగ్గర నిలబడ్డ వరహాలమ్మకి వినబడింది.

పంతులుగారు వచ్చారు. వరహాలమ్మ తలుపు చాటునుంచి చూసింది. అప్పలనాయుడు పిండం ముందు చెయ్యి చాపి, పంతులుగారు చెప్పినట్టే అన్నాడు. మా అమ్మ, పైడమ్మ. రెండు పేర్లూ పిల్లని వదిలి పటంలోని పరాయి ముసలావిడ మీదకి వెళ్ళాయి. పిల్ల లేచి తాత దగ్గరికి నడిచింది, అలవాటు కొద్దీ మెడ చుట్టూ చేతులేసింది.

“వరాలూ, పంతులుగారి పీట తొక్కకు,” అన్నాడాయన మెల్లిగా, పిల్లని పక్కన కూచోబెట్టుకుని.

చెల్లింది. పిల్ల దక్కింది.

భోజనాలయ్యాయి. పంతులుగారు వెళ్ళిపోయారు. వరహాలమ్మ గిన్నెలు తోముతూ ఎంతసేపు తోమాలో అంతకంటే ఎక్కువసేపు తోమింది. వెనక అడుగుల చప్పుడైంది.

“పనయిపోయింది కదమ్మా. ఇంక బయల్దేరండి,” అన్నాడు అప్పలనాయుడు. మర్యాదగానే అన్నాడు. ఒక చెయ్యి అప్పుడే తలుపు గడియ మీద ఉంది.

తను కట్టించిన ఇల్లు. తను పెట్టిన కట్టుబాటు. పిల్ల కోసం అంతా లెక్కేసింది గానీ తన వంతు వచ్చేసరికి లెక్క ఖాళీ వదిలేసింది. ఏ కొత్త పేరు చెప్పినా తెల్లారేసరికి చెరిగిపోతుంది. ఈయన తలలో పాత పేరు, ఇప్పుడెవరికీ అక్కర్లేని పేరు...

గోడ మీద పటం వైపు చూసింది. ఆ పేరు ఆమె జీవితంలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. అత్తగారి పేరు పలికిన కోడలి నాలిక మీద పుండు లేస్తుందని ఆవిడే చెప్పింది. నీళ్ళ బిందెలు మోస్తున్నప్పుడు కూడా అదే గుర్తుచేసేది.

“నా పేరడగలేదే బాబూ,” అంది వరహాలమ్మ.

“ఏటి మీ పేరు?”

“పైడమ్మ.” నాలికకి ఏమీ కాలేదు. “ఇకమీదట మీ ఇంట్లోనే ఉంటాను. మీ పాపని చూసుకుంటాను. ‘ఇదిగో, పైడమ్మ’ అనండి.”

ఆయన చెయ్యి చాపి, “ఇదిగో, పైడమ్మ,” అన్నాడు. ఆ చిన్న మాటతో పటంలోని ఆవిడ మళ్ళీ జారిపోయింది. కొడుకు మనసులోంచి అత్తని తను రెండోసారి తోసేసింది.

ఆయన గడియ వదిలేశాడు.

వరహాలమ్మ గోడకి ఆనుకుంది. కాపురమంతా కొట్టేసి, పైన శ్రీకారం చుట్టి కొత్త పద్దు మొదలెట్టినట్టుంది. జమ ఏమీ లేదు. అయినా గుమ్మం లోపలే ఉంది. బతికుంటే మళ్ళీ సంపాదించుకోవచ్చు.

మర్నాడు పొద్దున్న అప్పలనాయుడు చొక్కా తొడుక్కుని, పిల్ల మొహం చూసి, దాని నోట్లో బెల్లం ముక్క పెట్టి, మార్కెట్‌కి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు. వంటింట్లో నిలబడ్డ వరహాలమ్మ ముందుకొచ్చి వంగాడు. బయల్దేరే ముందు పైడమ్మ కాళ్ళకి దండం పెట్టాలి.

కట్టుకున్నవాడు తన పాదాల మీద తల పెడుతుంటే వరహాలమ్మ ఒళ్ళు జలదరించింది. వెనక్కి తీసుకోవాలనుకున్న కాలు వెనక్కి రాలేదు. తీసుకుంటే ఏ షరతు తప్పుతుందో, ఏ తలుపు పడుతుందో ఆమెకు తెలియదు. కదలకుండా నిలబడి చెయ్యి ఆయన తల మీద ఆనించింది. నెరిసిన జుట్టు వెచ్చగా ఉంది.

వచ్చే ఏడు ఇదే తిథి వస్తుంది. తిథి వస్తే పెట్టాలి. పిండం ముందు ఆయన చెయ్యి చాపి ఆ పేరు అంటాడు, అది మళ్ళీ పటం మీదకి వెళ్ళిపోతుంది. అప్పటిదాకా ఆ పేరు తనది.

“వెళ్ళిరా నాయనా,” అంది వరహాలమ్మ.